చివరి రోజుల్లో సెలైన్ ఎందుకు ఆపుతారు?

"నాలుగు రోజుల నుంచి గొంతులోకి ఏమీ దిగడం లేదు సిస్టర్. కనీసం ఒక్క సెలైన్ బాటిలైనా పెట్టండి."

క్యాన్సర్ వార్డుల్లో, హాస్పిస్‌లలో పనిచేసే నర్సులకు ఇది బాగా అలవాటైన మాట. అడిగేది కొడుకు కావచ్చు, కోడలు కావచ్చు, ఊరి నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చిన తమ్ముడు కావచ్చు. ఇక రోజులే మిగిలాయని డాక్టరు అప్పటికే చెప్పి ఉంటారు. అయినా అడుగుతారు. మన దగ్గర సెలైన్ అంటే వైద్యం జరుగుతోందనడానికి గుర్తు. స్టాండుకు సీసా వేలాడుతున్నంతసేపూ మనిషిని ఎవరూ వదిలేయలేదన్న ధైర్యం ఉంటుంది. సీసా తీసేస్తే ఆశ వదులుకున్నట్టే అనిపిస్తుంది. అందుకే ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నర్సుకు శరీరం ఎలా పనిచేస్తుందో తెలియాలి. అడిగినవారి భయం ఏమిటో కూడా తెలియాలి.

నయం కాని జబ్బుతో ఉన్నవారికి నొప్పి, ఆయాసం, వాంతులు, ఆందోళన వంటి బాధలను తగ్గించి, కుటుంబానికి కూడా తోడుగా నిలిచే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఉపశమన సంరక్షణ అని తెలుగులో రాస్తున్నాం కానీ ఆసుపత్రుల్లో ఎవరి నోటా ఆ మాట వినిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సంరక్షణ అవసరమవుతోంది. అందుతున్నది వారిలో 14 శాతం మందికి మాత్రమే. ఈ సంరక్షణ జబ్బు తెలిసిన నాటి నుంచే మొదలు కావచ్చు, అలా మొదలైతేనే మేలు కూడా. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిపై అమెరికాలో జరిగి 2010లో వెలువడిన ఒక పరీక్షలో, మొదటి నుంచే పాలియేటివ్ కేర్ అందినవారు సగటున 11.6 నెలలు జీవించారు. మామూలు క్యాన్సర్ చికిత్స మాత్రమే అందినవారు 8.9 నెలలు జీవించారు. వారి జీవన నాణ్యత కూడా మెరుగ్గా ఉంది.

ఇక్కడ ఆ మొత్తం కథలోకి వెళ్లకుండా చివరి కొద్ది రోజులను మాత్రమే చూద్దాం. ఆ రోజుల్లో డాక్టరు మంచం దగ్గర ఉండేది కొన్ని నిమిషాలు. మిగతా సమయమంతా ఉండేది నర్సూ, ఇంటివాళ్లూ.

తిండి మానినందుకా, ఆయువు తీరినందుకా?

ఆరోగ్యంగా ఉన్న మనిషి నాలుగు రోజులు తిండీ నీళ్లూ మానేస్తే ప్రమాదమే. కానీ ఆ లెక్క చివరి దశలో ఉన్న శరీరానికి సరిపోదు. గుండె బలహీనపడి రక్తప్రసరణ తగ్గేకొద్దీ, ఉన్న రక్తాన్ని శరీరం ముందు మెదడుకు, గుండెకు మళ్లిస్తుంది. పేగులకు, చర్మానికి, కాళ్లూ చేతులకూ అందేది తగ్గుతుంది. పేగుల కదలిక మందగిస్తుంది. మూత్రం కొద్దిగా, ముదురు రంగులో వస్తుంది. క్యాన్సర్ ముదిరినవారిలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. కణితి, దానితో పోరాడే రోగనిరోధక వ్యవస్థ కలిసి విడుదల చేసే సైటోకైన్లు అనే రసాయనాలు మెదడులో ఆకలిని నియంత్రించే భాగంపైనే పనిచేసి ఆకలిని చంపేస్తాయి. కండ కరిగిపోతుంది. ఉపవాసంతో చిక్కినవాళ్లు మళ్లీ తింటే కోలుకుంటారు, ఇక్కడ ఎంత పెట్టినా ఆ కండ తిరిగి రాదు. వైద్యులు దీన్ని కకెక్సియా అంటారు.

అంటే తినకపోవడం వల్ల మనిషి పోతున్నాడని ఇంటివాళ్లు అనుకుంటారు, నిజానికి శరీరం ఆగిపోతోంది కాబట్టే తిండి వద్దంటోంది. ఈ ఒక్క వాక్యాన్ని సరైన సమయంలో, కూర్చుని, నెమ్మదిగా చెప్పగలిగితే భార్యకో కూతురికో ఎంత భారం దిగుతుందో ఆ మంచం పక్కన ఉన్నవాళ్లకే తెలుస్తుంది. బలవంతంగా రెండు ముద్దలు పెట్టలేకపోయానన్న బాధ మన ఇళ్లలో ఏళ్లకేళ్లు ఉండిపోతుంది.

అలాంటి శరీరంలోకి రోజూ లీటరో రెండు లీటర్లో సెలైన్ ఎక్కిస్తే ఏమవుతుంది? రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఆ నీరు రక్తనాళాల్లో నిలవకుండా చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. పాదాలు, చేతులు ఉబ్బుతాయి. ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం పెరుగుతుంది. నరం దొరక్క అక్కడా ఇక్కడా గుచ్చడంతో చేతులు కమిలిపోవడం అదనం.

దీన్ని పరీక్షించి కూడా చూశారు. ఎడ్వర్డో బ్రుయెరా బృందం అమెరికాలో హాస్పిస్ సంరక్షణలో ఉన్న 129 మంది క్యాన్సర్ రోగులను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు రోజుకు లీటరు సెలైన్, రెండో జట్టుకు పేరుకు 100 మిల్లీలీటర్లు మాత్రమే చర్మం కిందికి ఎక్కించారు. ఎవరికి ఏది అందుతోందో రోగులకు తెలియదు. అలసట, మగత, కండరాల అదురు, భ్రమలు, జీవన నాణ్యత, చివరికి బతికిన రోజుల సంఖ్య, వేటిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. అలాగని సెలైన్ ఎప్పుడూ వద్దని కాదు. వాంతులు, విరేచనాలతో నీరసించినవారికి, రక్తంలో క్యాల్షియం పెరిగి మత్తుగా పడి ఉన్నవారికి అది ప్రాణాధారం. ఇది సరిచేయగల ఇబ్బందా, చివరి దశా అని తేల్చడం డాక్టరు పని. ఆ తేల్చడానికి పనికొచ్చే రోజువారీ వివరాలు చాలావరకు నర్సు రాసిన షీటులోనే ఉంటాయి.

మరి దాహం సంగతి? చివరి రోజుల్లో దాహంగా అనిపించడానికి ఎక్కువగా కారణమయ్యేది ఎండిపోయిన నోరు. నోటితో ఊపిరి తీసుకోవడం వల్ల, కొన్ని మందుల వల్ల నోరు పిడచకట్టుకుపోతుంది. నరంలోకి సెలైన్ ఎంత పోసినా నోరు తడవదు. తడిపిన మెత్తటి గుడ్డతోనో, స్పాంజి పుల్లతోనో గంటా రెండు గంటలకోసారి చిగుళ్లు, నాలుక, బుగ్గల లోపలి వైపు తుడవాలి. పెదవులకు కాస్త వ్యాజ్‌లీన్ రాయాలి. నాలుక మీద తెల్లటి పొర కడితే అది ఫంగస్ కావచ్చు, దానికి మందుంది. చూడటానికి చాలా చిన్న పని. సెలైన్ బాటిల్ ఇవ్వలేని ఉపశమనం ఇదే ఇస్తుంది. పైగా దీన్ని ఇంటివాళ్ల చేతికే అప్పగించవచ్చు. ఏదో ఒకటి చేయాలని తపించే చేతులకు పని దొరుకుతుంది.

మనవాళ్లకు చివరి ఘడియల్లో తులసి తీర్థమో, గంగాజలమో, జంజం నీళ్లో నోట్లో పోయాలని ఉంటుంది. మింగే శక్తి లేని మనిషికి చెంచాతో పోస్తే అవి ఊపిరి గొట్టంలోకి జారి దగ్గుతో ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. అందుకని వద్దని కసిరే నర్సులూ ఉన్నారు. అనుభవం ఉన్నవాళ్లు తలను కొంచెం పక్కకు తిప్పి, దూదిని ఆ నీటిలో తడిపి పెదవులకు, నాలుక అంచుకు అద్దమంటారు. తంతు పూర్తవుతుంది, మనిషికీ ఇబ్బంది ఉండదు.

ఎగశ్వాస, గొంతులో గురగుర

మన పెద్దలు 'ఎగశ్వాస పెడుతున్నాడు' అంటే అర్థం చుట్టుపక్కల వాళ్లందరికీ తెలిసిపోయేది. ఇప్పుడు మరణాలు ఐసీయూ తలుపుల వెనక్కి వెళ్లిపోయాక చాలామంది నడివయసు వాళ్లు కూడా ఒక మనిషి సహజంగా పోవడాన్ని దగ్గర నుంచి చూసి ఉండరు. అందుకే ప్రతి మార్పూ వాళ్లను హడలెత్తిస్తుంది. ముందుగా చెప్పి ఉంచితే సగం భయం తగ్గుతుంది.

మనిషి రోజులో ఎక్కువ సేపు నిద్రపోతారు, లేపడం కష్టమవుతుంది. కాళ్లు, చేతులు చల్లబడతాయి. మోకాళ్ల మీద, పాదాల మీద ఊదారంగు మచ్చలు అల్లికలా కనిపిస్తాయి. మణికట్టు దగ్గర నాడి అందదు. ఊపిరి మెల్లగా మొదలై, లోతై, మళ్లీ తగ్గి, కాసేపు పూర్తిగా ఆగుతుంది. అయిపోయిందనుకునేలోగా మళ్లీ మొదలవుతుంది. 19వ శతాబ్దంలో దీన్ని వర్ణించిన ఇద్దరు వైద్యుల పేర్లతో దీన్ని చెయిన్-స్టోక్స్ శ్వాస అంటారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో పసిగట్టి ఊపిరిని నడిపించే వ్యవస్థ అదుపు తప్పడం వల్ల ఇలా జరుగుతుంది. ఈ గుర్తులన్నీ అందరిలో ఇదే వరుసలో రావు. "ఇంకా ఎంత టైముంది?" అన్న ప్రశ్నకు గడియారం చూసి చెప్పగలిగేవారు లేరు. వారాలా, రోజులా, గంటలా అన్నంతవరకే చెప్పగలరు. దూరాన ఉన్న కూతురు బయల్దేరాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి అదే పెద్ద సాయం.

ఇంటివాళ్లను అన్నిటికంటే బాధపెట్టేది గొంతులోని గురగుర. మింగడానికి, దగ్గడానికి శక్తి లేక లాలాజలం, కఫం గొంతు వెనక నిలిచిపోతాయి. ఊపిరి వాటి మీదుగా పోయినప్పుడు ఆ చప్పుడు వస్తుంది. వినేవాళ్లకు ఆయన మునిగిపోతున్నట్టు అనిపిస్తుంది. ఆ దశలో మనిషి సాధారణంగా స్పృహలో ఉండరు. నుదురు ముడిపడకుండా, ముఖం ప్రశాంతంగా ఉంటే ఆ చప్పుడు ఆయన్ని బాధించడం లేదనే అర్థం చేసుకోవచ్చు. సక్షన్ గొట్టం గొంతులోకి దించి లాగేయమని ఒత్తిడి చేస్తారు కానీ, లోతుగా చేసే సక్షన్ వల్ల రోగికే ఎక్కువ బాధ, రక్తం కారే ప్రమాదం. ఒక పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి, తలవైపు కాస్త ఎత్తు పెడితే చాలాసార్లు చప్పుడు తగ్గుతుంది.

మందుల సంగతి కొంచెం ఆసక్తికరం. స్రావాలను తగ్గించే మందులను గురగుర మొదలయ్యాక ఇస్తే పెద్దగా ఉపయోగపడుతున్నట్టు ఆధారాలు లేవు. అప్పటికే చేరిన కఫాన్ని ఎండబెట్టే శక్తి వాటికి లేదు. మొదలు కాకముందే ఇస్తే? నెదర్లాండ్స్‌లోని ఆరు హాస్పిస్‌లలో అదే చేసి చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, స్కోపొలమిన్ బ్యుటైల్‌బ్రోమైడ్ ముందుగా ఇచ్చినవారిలో 13 శాతం మందికి, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 27 శాతం మందికి గురగుర వచ్చింది. కడుపునొప్పికి మనం వాడే బస్కోపాన్‌లో ఉండేది ఈ మందే. అంటే రేపో ఎల్లుండో ఈ దశ వస్తుందని ముందే గుర్తించాలి. గుర్తించగలిగే అవకాశం ఎక్కువ ఉన్నది గంట గంటకూ చూసే నర్సుకే.

ఆయాసానికి వెంటనే గుర్తొచ్చేది ఆక్సిజన్. రక్తంలో ఆక్సిజన్ తగినంత ఉన్నా ఆయాసపడే 239 మంది రోగులకు ముక్కు గొట్టం ద్వారా కొందరికి ఆక్సిజన్, మరికొందరికి మామూలు గాలి పంపి చూశారు. ఉపశమనంలో తేడా లేదని 2010లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అదే ఏడాది వచ్చిన ఇంకో చిన్న పరీక్షలో 50 మంది చేతిలో ఇమిడే ఫ్యాను పట్టుకుని ఐదు నిమిషాలు ముఖానికి, మరో ఐదు నిమిషాలు కాలికి గాలి తగిలేలా చూసుకున్నారు. ముఖానికి తగిలినప్పుడు ఆయాసం తగ్గింది. ముఖంలోని నాడుల చివరలకు చల్లగాలి తగిలితే గాలి అందుతోందన్న సంకేతం మెదడుకు వెళ్తుందని వివరణ. తాటాకు విసనకర్రతో మెల్లగా విసురుతూ పక్కన కూర్చున్న నానమ్మలు ఈ పని ఏనాడో చేశారు. రక్తంలో నిజంగానే ఆక్సిజన్ తగ్గినవారికి ఆక్సిజన్ ఉపయోగమే, ఆ తేడా మరవకూడదు.

ఈ దశలో కొన్ని పనులు మానేయడం కూడా సంరక్షణే. గంటకోసారి బీపీ, వేలికి గుచ్చి చక్కెర పరీక్ష, పొద్దున్నే రక్త నమూనా, ఇవి ఇక ఏ నిర్ణయాన్నీ మార్చవు. మానిటర్ కూడా అంతే. అది ఆన్‌లో ఉంటే ఇంటివాళ్ల కళ్లు మనిషి ముఖాన్ని వదిలేసి తెర మీది అంకెలకే అతుక్కుంటాయి. ఆపకుండా చేయాల్సినవి వేరే ఉన్నాయి. పడక పుండ్లు పడకుండా వీలునుబట్టి పక్కలు మార్చడం, పక్క తడవకుండా చూడటం వాటిలో మొదటివి. ఉన్నట్టుండి గిలగిలలాడుతుంటే మూత్రం బిగుసుకుపోయిందేమోనని పొత్తికడుపు తడిమి చూడాలి. మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టే ముందు ఈ ఒక్క తనిఖీ చేస్తే, కొన్నిసార్లు ఒక కేథటర్‌తోనే మనిషి స్థిమితపడతారు.

మార్ఫిన్ అంటే భయం

ఔషధాల కోసం నల్లమందును చట్టబద్ధంగా పండించి ఎగుమతి కూడా చేసే దేశం మనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ఆ సాగు ఉంది. అయినా క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగే మనిషికి మార్ఫిన్ మాత్ర దొరకడం దశాబ్దాలపాటు గగనమైంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం మత్తు వ్యాపారాన్ని అరికట్టడానికి ఉద్దేశించినదే. కానీ ఒకే మందుకు అనేక లైసెన్సులు, చిన్న పొరపాటుకూ కఠిన శిక్షల భయం తోడై ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు విధానాన్ని సులభం చేశారు. ఈ సవరణ కోసం ఏళ్ల తరబడి పోరాడినవారిలో కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ ముఖ్యులు.

చట్టం మారినంత త్వరగా భయం మారలేదు. మార్ఫిన్ ఇస్తే అలవాటు పడతారని, ఊపిరి ఆగిపోతుందని, అది ఇచ్చారంటే ఇక అంతేనని అనుకునేవాళ్లు రోగుల ఇళ్లలోనే కాదు, ఆసుపత్రి సిబ్బందిలో కూడా ఉన్నారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని కొలుచుకుంటూ పెంచితే అది ఆయుష్షును తగ్గించదని పాలియేటివ్ వైద్యంలో దశాబ్దాల అనుభవం, అధ్యయనాలు చెబుతున్నాయి. ఊపిరి మీద ప్రభావం పడేముందు మగత కనిపిస్తుంది. దాన్ని గమనించి మోతాదు సరిచేయడానికి సమయం ఉంటుంది. చిన్న మోతాదులో అది ఆయాసాన్ని కూడా తగ్గిస్తుంది. మలబద్ధకం మాత్రం తప్పదు, అందుకని మార్ఫిన్ రాసిన రోజే విరేచనం మందు కూడా రాయాలి.

నొప్పి వచ్చాక మందు ఇవ్వడం కాకుండా, గడియారం ప్రకారం ముందే ఇవ్వాలన్న పద్ధతికి ప్రచారం తెచ్చినవారు బ్రిటన్‌కు చెందిన సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సు. వెన్నునొప్పి వల్ల ఆ పని వదిలి ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త అయ్యారు, తర్వాత వైద్యం చదివి డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. ఒంటి నొప్పి, మనసు బెంగ, కుటుంబం గురించిన దిగులు, నేనేం పాపం చేశానన్న ప్రశ్న, ఇవన్నీ కలిసి ఒకే నొప్పిగా బయటికి వస్తాయని ఆమె గమనించారు. దానికి సంపూర్ణ నొప్పి అని పేరు పెట్టారు. అప్పుల లెక్క భార్యకు చెప్పలేదన్న దిగులు ఉన్న మనిషికి ఎంత మార్ఫిన్ ఇచ్చినా నొప్పి పూర్తిగా తగ్గకపోవచ్చు.

"ఆయనకి మాత్రం చెప్పకండి"

గది బయట డాక్టరును ఆపి ఇంటివాళ్లు అడిగేది ఇదే. లోపల ఆయన నర్సును అడుగుతారు, "మా వాళ్లకి చెప్పకమ్మా, తట్టుకోలేరు. నాకు ఇక తగ్గదు కదా?" ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నటిస్తుంటారు. మధ్యలో నలిగేది నర్సు. ఆమె అబద్ధం చెప్పకూడదు, కుటుంబం మాట కాదని మొహం మీద నిజం కొట్టకూడదు. "మీకేమనిపిస్తోంది? దేని గురించి ఎక్కువ దిగులుగా ఉంది?" అని తిరిగి అడగడం ఇక్కడ పనికొచ్చే నైపుణ్యం. ఇది పుట్టుకతో వచ్చే మంచితనం అనుకుంటాం కానీ నేర్చుకుంటే వచ్చేదే. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో పాలియేటివ్ కేర్ మాడ్యూల్ చేరడం ఈ దిశలో మంచి అడుగు. అయితే పాఠం చదవడం ఒకటి, నలభై మంచాలకు ఇద్దరు నర్సులున్న వార్డులో ఒకరి పక్కన పది నిమిషాలు కూర్చోగలగడం ఇంకొకటి.

ఈ మాటలు ముందే జరగడం వల్ల మిగిలినవారికీ మేలు. అమెరికాలో 332 మంది రోగులను, వారి సంరక్షకులను అనుసరించిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. చివరి దశ గురించి వైద్యులతో మాట్లాడుకున్నవారికి ఐసీయూ, వెంటిలేటర్ వంటి తీవ్ర చికిత్సలు తక్కువగా జరిగాయి. ఆ తీవ్ర చికిత్సలు ఎక్కువగా జరిగినవారి కుటుంబ సభ్యుల్లో తర్వాత కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. మన దేశంలో 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించి, నయం కాని దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌కు చట్టబద్ధత ఇచ్చింది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల అది ఆచరణలో కష్టమైంది. 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు రాసుకుంటే చాలన్నారు.

పలకరించినా పలకని స్థితిలో "ఇక ఆయనకేం తెలుస్తుంది" అని మంచం పక్కనే అంత్యక్రియల ఏర్పాట్లు, ఆస్తి పంపకాలు మాట్లాడేవాళ్లను నర్సులు మెల్లగా వరండాలోకి పంపడం మామూలే. కెనడాలోని వాంకూవర్ హాస్పిస్‌లో రోగుల తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. చివరి గంటల్లో, ఎలాంటి స్పందనా లేని స్థితిలో కూడా కొందరి మెదళ్లు శబ్దాల తేడాకు ఆరోగ్యవంతులైన యువకుల మెదళ్ల తరహాలోనే స్పందించాయి. విన్నది అర్థమైందో లేదో ఆ పరికరం చెప్పలేదు. అయినా మనవరాలి చేత ఫోన్లో "తాతయ్యా" అని పిలిపించడానికి ఆ మాత్రం ఆధారం చాలు.

ఇంటికి తీసుకుపోతే

ఎక్కువ మంది కోరుకునేది ఇంట్లో, తమ వాళ్ల మధ్య పోవాలని. 1993లో కోళికోడ్‌లో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ దాన్ని సాధ్యం చేసే దారి చూపింది. ఊళ్లోని వాలంటీర్లు, వారి వెనక శిక్షణ పొందిన నర్సు, ఆమె వెనక డాక్టరు. కేరళ 2008లో పాలియేటివ్ కేర్‌ను రాష్ట్ర విధానంగా చేసింది. అక్కడ పంచాయతీల స్థాయిలో నర్సులు ఇంటింటికీ వెళ్లి పుండ్లకు కట్లు కట్టి, కేథటర్ మార్చి, మందుల లెక్క చూసి వస్తారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం చాలాకాలంగా పనిచేస్తోంది, స్పర్శ్ హాస్పిస్ కూడా ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. ఇంటికి వెళ్లి చూసే బృందాలు ఉంటే మార్ఫిన్ కోసం నగరానికి బస్సెక్కే అవసరం తప్పుతుంది.

అయితే ఇంటికి తీసుకుపోదామంటే, అద్దె ఇల్లయితే? ఇంట్లో మరణిస్తే, అందులోనూ మంచిది కాదనే నక్షత్రంలో మరణిస్తే, కొన్ని నెలలు ఇల్లు పాడుపెట్టాలన్న నమ్మకం మన దగ్గర ఉంది. దాంతో ప్రాణం పోయేలోపు ఖాళీ చేయమనే యజమానులు ఉన్నారు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని ఆటోలో ఎక్కించి ఊరికి చేర్చడం, దారిలోనే ప్రాణం పోవడం, ఇవి తెలుగు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చిన వార్తలే. పాలియేటివ్ నర్సు రోగి ఇంటికి వెళ్లిన మొదటి రోజే "ఇల్లు సొంతమా?" అని అడగడంలో ఉన్న ముందుచూపు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

ఆ తర్వాతి వారాలు

ప్రాణం పోయాక కూడా నర్సు పని కాసేపు మిగిలే ఉంటుంది. గొట్టాలు తీసి, కళ్లు మూసి, ఒళ్లు తుడిచి, ఇంటివాళ్లు కోరితే వాళ్లనూ ఆ పనిలో కలుపుకుని, హడావిడి లేకుండా అప్పగించాలి. మరణ ధ్రువీకరణ పత్రం ఎక్కడ, ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పాలి. ఇంటి వద్ద సంరక్షణ చూసే బృందాల్లో కొన్ని వారాల తర్వాత మళ్లీ ఒకసారి ఆ ఇంటికి వెళ్లే పద్ధతి ఉంది. ఎరువిచ్చిన గాలి పరుపు తెచ్చుకోవడం, మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోవడం పైకి కనిపించే పని. నిద్ర పడుతోందా, తింటున్నారా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని కనుక్కోవడం అసలు పని.

అప్పుడు బయటికి వచ్చే ప్రశ్నల్లో ఒకటి చాలామంది నర్సులకు పరిచయమే. ఆ రాత్రి తన చేత్తో మాత్ర ఇచ్చిన భార్యో కొడుకో, జనం వెళ్లిపోయాక గొంతు తగ్గించి అడుగుతారు: "నేనిచ్చిన ఆ చివరి మాత్ర వల్లే పోయారా?" దీనికి జవాబు లెక్కలో ఉంది. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ నాలుగు గంటలకోసారి ఇస్తారు. కాబట్టి మనిషి ఏ గంటలో పోయినా, అంతకుముందు నాలుగు గంటల్లోపు ఒక మాత్ర పడే ఉంటుంది. ఏదో ఒకటి చివరిదై తీరుతుంది. నర్సు ఇంట్లో ఉన్న మందుల చీటీ తెరిచి, ముందు రోజు, అంతకుముందు రోజు ఇదే మోతాదు ఇదే వేళకు ఇచ్చిన గుర్తులను వేలితో చూపిస్తుంది. ఆ రాత్రి ఆయన మూలగకుండా నిద్రపోయారని రాసి ఉన్న చోట కాసేపు ఆగి, వాళ్లను చదువుకోనిస్తుంది.